అర పేర్రాజు నొప్పి

మా ఆఫీసులో కొలవకుండా ఏదీ నమ్మరు. గొప్ప కోసం చెప్పడం లేదు, మా ఉద్యోగమే అది. ప్రమాణాల పరిరక్షణ మండలి, ప్రాంతీయ కార్యాలయం. కూరలబండి కాటా దగ్గర్నుంచి నూనె లీటరు డబ్బా దాకా గోదావరికి ఇటుపక్క ఉన్న ప్రతి కొలతకీ ముద్ర వేసేది మేమే. మా సూపరింటెండెంటు పేర్రాజు గారు ఇంట్లో ఉప్మా తిని "బాగుంది" అనడానికి కూడా ఆలోచిస్తారని వాళ్లావిడ చెబుతుంది. దేంతో పోల్చి బాగుందన్నావని రేపెవరైనా అడిగితే ఏం చెప్పాలని ఆయన భయం.

అలాంటి ఆఫీసుకి నేను పాలు తీసే పంపు పట్టుకెళ్లాను. బుద్ధి గడ్డి తిని.

ముందు ఆ పంపు సంగతి చెప్పాలి. నా పెద్దకూతురు పుట్టినప్పుడు నాకేమీ తెలీదు. మందుల షాపులో "పాలు తీసేది ఇవ్వండి" అంటే గాజు గరాటుకి రబ్బరు బుడ్డి తగిలించినదొకటి చేతిలో పెట్టాడు. అచ్చం పాత లారీ హారనులా ఉంది. నొక్కితే పాలకంటే ముందు కన్నీళ్లొచ్చేవి. పుళ్లు పడ్డాయి, జ్వరం వచ్చింది, మూడో నెల తిరక్కుండానే పాలు ఆగిపోయాయి. డబ్బాపాలు కలిపేటప్పుడల్లా ఏడ్చేదాన్ని. పిల్ల నిక్షేపంలా పెరిగింది, అది వేరే సంగతి. నా ఏడుపు మాత్రం నాలోనే ఉండిపోయింది. అందుకని రెండోవాడు కడుపున పడగానే ఒట్టు పెట్టుకున్నాను. వీడు ఇక చాలనుకునే దాకా నా పాలే తాగాలి, ఆ పాలు తీసే పంపు నన్ను ఏడిపించకూడదు.

డాక్టరమ్మ మంచం దిగొద్దనడంతో నా సెలవులో చాలా భాగం కాన్పుకి ముందే కరిగిపోయింది. పిల్లాడికి నాలుగో నెల నడుస్తుండగానే ఆఫీసుకి పోవాలి. కనపడిన ప్రతి బాలింతనీ ఆపి పంపుల గురించి అడిగాను. "నన్ను చేసుకునేటప్పుడు ఇంత ఆరా తీశావా?" అన్నాడు మా ఆయన సూరిబాబు. "తియ్యలేదు, అందుకే ఇప్పుడు తీస్తున్నాను" అన్నాను. గరాటు మనిషికి తగ్గ సైజులో ఉండాలట. అదే అసలు కిటుకు. పెద్దదైతే లాగేస్తుంది, చిన్నదైతే ఒరుసుకుంటుంది. అంచు మెత్తగా ఉండాలి, లాగుడు పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ మీట ఉండాలి, మోత పక్కగదికి వినపడకూడదు. అన్నీ చూసి ఒకటి తెప్పించి ఇంట్లో పెట్టుకు చూశాను. నొప్పి లేదు! ఆ రోజు కూడా ఏడ్చాను, కాకపోతే సంతోషం పట్టలేక.

మా అత్తయ్య మంగాయమ్మకి పంపు నచ్చింది గానీ దాని సీసా మీదున్న గీతలు నచ్చలేదు.

"పాలు కొలవకూడదే అమ్మాయ్. కొలిస్తే దిష్టి తగిలి ఇగిరిపోతాయి" అంది. ఆసుపత్రిలో మనవడి బరువు పైకి చదవబోతే నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టిన మనిషి ఆవిడ.

"అత్తయ్యా, నేను చేసేదే కొలతల ఆఫీసులో ఉద్యోగం."

"అందుకే చెప్తన్నాను" అంది.

మొదటిరోజు రికార్డు గది తలుపేసుకుని పని కానిచ్చుకుని, సీసా పట్టుకుని బయటికొచ్చాను. ఎదురుగా పేర్రాజు గారు. ముందు నన్ను చూశారు, తర్వాత సీసాని చూశారు, తర్వాత జేబులోంచి కళ్లజోడు తీశారు.

"సత్యవేణి గారూ, అదేవిటండి?"

"పాలండి."

"పాలు నాకూ కనపడతన్నాయండి. సీసా మీద గీతలున్నాయి. మిల్లీలీటర్లని రాసుంది."

"అవునండి."

"దాని మీద మన ముద్ర లేదు కదండి?"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. "ముద్ర లేని కొలతతో పాలు కొలిచాడని మొన్ననే కదండి పాలకేంద్రం వాణ్ణి పట్టుకున్నాం. అదే నేరం మన ఆవరణలో, మన మనిషే చేస్తే ఊరుకుంటామా?"

"నేనేం అమ్మడం లేదు కదండి!"

"పట్టుబడ్డవాళ్లందరూ ఆ మాటే అంటారండి" అన్నారు ఎంతో జాలిగా.

పంపుని గుడ్డలో చుట్టి, లక్క కరిగించి ముద్ర కొట్టి, దొంగ కాటాలు దాచే బీరువాలో పెట్టి తాళం వేశారు. పాలు మాత్రం చెడిపోయే స్వభావం గల సాక్ష్యమని చెప్పి నాకే గిన్నెలో పోసి ఇచ్చేశారు. పేర్రాజు గారు చెడ్డవారు కారండీ, ఆ మాట నేనెక్కడైనా చెబుతాను. ఆయన సొంత బావమరిది కొట్లో కాటా కూడా అలాగే ఎత్తుకొచ్చారు.

ఇక నా పాట్లు మొదలయ్యాయి. మా ఇంటికీ ఆఫీసుకీ మధ్య బస్సులో గంట ప్రయాణం. మధ్యాహ్నానికి గుండెలు రాళ్లలా గట్టిపడేవి. బస్సులో ఎవరి పిల్లాడు ఏడ్చినా నా జాకెట్టు తడిసిపోయేది. ఆఫీసులో ఎటు వెళ్లినా ఒక ఫైలు ఎదకి అడ్డం పెట్టుకుని తిరిగేదాన్ని. సత్యవేణి గారికి పనంటే ఎంత శ్రద్ధో అని మెచ్చుకున్నారు కూడా. వారం తిరిగేసరికి పాలు తగ్గడం మొదలైంది. పెద్దదాని మూడో నెల గుర్తొచ్చింది. తిన్నగా మా ఉపనియంత్రణాధికారి నరసింగరావు గారి గదిలోకి వెళ్లిపోయాను.

ఆయన ముఖం వెలిగిపోతోంది. "రండి రండి, సమయానికి వచ్చారు! ఇక మీ సమస్య గట్టెక్కినట్టే" అంటూ ఒక కాగితం ఊపారు. ఆ ఏడాది రాష్ట్రమంతా అమ్మల మీద ప్రేమ పొంగిపొర్లుతోంది. ప్రతి కార్యాలయమూ ‘మాతృమిత్ర కార్యాలయం’ కావాలట. పాలిచ్చే ఉద్యోగినికి సౌకర్యవంతమైన పంపు ఆఫీసే సమకూర్చి, రిబ్బను కత్తిరించి, ఫొటో తీసి పంపాలట.

"అయితే బీరువాలో ఉన్న నా పంపు నాకిచ్చెయ్యండి సార్. అది సౌకర్యంగానే ఉంది."

నరసింగరావు గారికి ఆ పరికరం పేరు నోట రాదు. "సదరు మాతృ ద్రవ నిష్కర్షణ యంత్రం సౌకర్యంగా ఉందని మీరంటున్నారు. సంతోషం. ఎంత?"

"ఎంతేవిటి సార్?"

"ఎంత సౌకర్యంగా ఉంది? చూడమ్మా, మనది ప్రమాణాల మండలి. ఎంత ఉందో చెప్పలేని వస్తువు ఉందని మనం ఏ ముఖంతో రాస్తాం?"

ఆ సాయంత్రమే సౌకర్య నిర్ధారణ సంఘం ఏర్పాటైంది. అధ్యక్షులు నరసింగరావు గారు, సభ్యులు పేర్రాజు గారు. నన్ను కూడా వెయ్యండి మొర్రో అన్నాను. లబ్ధిదారు అభిప్రాయంలో పక్షపాతం ఉండే అవకాశం ఉన్నందున కుదరదన్నారు. నేను బల్ల అవతల కుర్చీలో కూర్చుని చూడవచ్చన్నారు. చూశాను.

బజార్లో దొరికే పంపులన్నీ తెప్పించి, నా పంపుని కూడా లక్క ఊడదీసి, బల్ల మీద వరసగా పెట్టారు. పరీక్ష ఎవరి మీద అన్న ప్రశ్న వచ్చింది. పేర్రాజు గారు కళ్లు మూసుకుని, "సర్వీసులో ఇన్నాళ్లున్నాక వెనక్కి తగ్గుతానేంటండి" అని చొక్కా చేతులు మడిచారు. మోచేతికి పెట్టి చూస్తే పట్టలేదు. బుగ్గకి పెడితే పట్టింది, తీసేసరికి ఎర్రగా గాజంత గుర్తు పడింది. చివరికి అన్నిటికంటే సమతలంగా, వెంట్రుకల ఆటంకం లేకుండా ఉన్నది ఆయన బట్టతలే అని అధ్యక్షులు తేల్చారు. నాకు పెద్దదానప్పుడు ప్రాణం తీసిన ఆ రబ్బరు బుడ్డి అక్కడే దొరికింది. దాన్ని ఆయన నడినెత్తిన పెట్టి నొక్కారు.

"అబ్బా!" అన్నారు పేర్రాజు గారు.

"అదీ!" అంటూ నరసింగరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "అదే కొలత! బలానికి న్యూటను గారి పేరు పెట్టుకోలేదా? నొప్పికి మన వాడి పేరెందుకు పెట్టకూడదు? బాధ్యత గల ఒక ప్రభుత్వోద్యోగి చేత ఒకసారి అబ్బా అనిపించునట్టి నొప్పి, ఒక పేర్రాజు!"

పేర్రాజు గారికి కళ్లనీళ్లు తిరిగాయి. సగం గౌరవం వల్ల, సగం ఆ బుడ్డి ఊడిరాకపోవడం వల్ల. కొబ్బరినూనె రాసి ఊడదీశారు. ఇంకో మరపంపు రెండు పేర్రాజులు తేలింది, దానికి ఆయన "అబ్బా" తర్వాత "అమ్మా" కూడా అన్నారు. నా పంపు పెట్టినప్పుడు ఏమీ అనలేదు, ఒక్కసారి కనుబొమ ఎగరేశారంతే. అర పేర్రాజు అని రాసుకున్నారు.

మర్నాడు వాళ్లావిడ నాకు ఫోను చేసింది. "మా ఆయన బుగ్గ మీద ఆ గుండ్రం మచ్చేవిటమ్మా? అడుగుతుంటే ఆఫీసు రహస్యమంటన్నారు."

"సౌకర్యం అండి" అన్నాను. ఇంకేం చెప్పను?

అర పేర్రాజే కదా, ఇక నా పంపు నాకొచ్చేస్తుందని ఇంట్లో పాయసం వండించాను. రాలేదు. కొత్త కొలత ఆమోదానికి పైఆఫీసుకి వెళ్లింది. అక్కణ్ణుంచి ముఖ్య పరిశీలకులు చయనులు గారు ఫోనులో నరసింగరావు గారిని పట్టుకుని ఉతికేశారు. మూల ప్రమాణం లేకుండా కొలత ఎక్కడిదయ్యా? కిలోకి మూల ప్రమాణం ఉంది, మీటరుకి ఉంది. అసలు ఈ యంత్రం చేసే పని సృష్టిలో మొట్టమొదట ఎవరు చేస్తున్నారు? దాంతో పోల్చారా? ఫోను పెట్టేసి నరసింగరావు గారు తల పట్టుకున్నారు.

"సృష్టిలో మొట్టమొదట... ఎవరు చేస్తారు ఆ పని?" అని పైకప్పు కేసి చూస్తున్నారు. పేర్రాజు గారు కూడా పైకప్పు కేసే చూస్తున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎదకి ఫైలు అడ్డం, ఫైలు కూడా తడిసింది.

"మా వాడు చేస్తాడండీ! మా వాడు ఇక్కడ లేడు కాబట్టే నాకీ పంపు ఖర్మ!" అని అరిచాను.

ఇద్దరూ నెమ్మదిగా నా వైపు తిరిగారు. నరసింగరావు గారి పెదవులు కదిలాయి. "మూల ప్రమాణం" అన్నారు, దేవుడు కనపడ్డట్టు.

మర్నాడు మా అత్తయ్య పిల్లాణ్ణి తీసుకుని ఆటోలో దిగింది. బుగ్గన ఒకటి, అరికాలిన ఒకటి దిష్టిచుక్కలు. నేను వాణ్ణి తీసుకుని రికార్డు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. వాడు ఒక్క క్షణం వెతుక్కుని పట్టుకున్నాడు. రాళ్లన్నీ కరిగిపోయాయి. ఎన్నాళ్లకో భుజాలు కిందికి దిగాయి.

తలుపవతల్నుంచి దగ్గు వినిపించింది. "సత్యవేణి గారూ, నొప్పి ఎన్ని పేర్రాజులండి?"

"సున్నా అండి."

బయట చప్పట్లు. శూన్య ప్రమాణం దొరికిందని నరసింగరావు గారు, "చూశారా, నా నొప్పిని పోల్చుకోడానికి ఒక సున్నా దొరికింది" అని పేర్రాజు గారు ఒకరినొకరు అభినందించుకున్నారు. పిల్లాణ్ణి అత్తయ్య చేతికిచ్చి, ఇక మీరు బయల్దేరండి అన్నాను. పేర్రాజు గారు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"మూల ప్రమాణాన్ని పనివేళల్లో ఆవరణ దాటించకూడదండి. వేడికీ దుమ్ముకీ దూరంగా, ఒకే చల్లదనంలో ఉంచాలండి."

మా ఆఫీసంతటికీ ఏసీ ఉన్నది తూకపురాళ్ల ప్రయోగశాలలో ఒక్కదాన్లోనే. నరసింగరావు గారికి కూడా ఫ్యానే. ఆ ప్రయోగశాలలో పెద్ద కాటా దూలానికి చీరతో ఉయ్యాల కట్టారు. సాయంత్రం పూట నేను, సంరక్షణాధికారిణి హోదాలో, ప్రమాణాన్ని ఇంటికి తీసుకెళ్లి పొద్దున్నే అప్పగించవచ్చు. అయితే ముద్ర ఉండి తీరాలి. ఎక్కడ వెయ్యాలన్నది పెద్ద చర్చయింది. నేను వాణ్ణి గుండెకి అదుముకుని కూర్చున్నాను.

"మొలతాడుకి కట్టండి బాబూ, ఇత్తడి బిళ్లయితే దిష్టికి కూడా మంచిది" అంది అత్తయ్య. ఆ ఆఫీసు చరిత్రలో ఎవరూ అంత చప్పున తీర్మానం చేసి ఉండరు. మండలి చిహ్నం కొట్టిన ఇత్తడి బిళ్ల మా వాడి మొలతాడుకి వేలాడింది. ఆ రోజు బరువు తూస్తే ఆరు కిలోలు. అత్తయ్య చెవులు మూసుకుంది.

అమ్మా, ఏం రోజులవి! రెండేసి గంటలకొకసారి "పరీక్షా సమయం అండి" అంటూ పేర్రాజు గారే వచ్చి పిలిచేవారు. పాలు వరదలా తిరిగొచ్చాయి. ఫైలు ఎదకి అడ్డం పెట్టుకోవడం మానేశాను, పని మీద శ్రద్ధ తగ్గిందన్నారు. వాడు ఏడిస్తే ప్రమాణంలో కంపనాలు వస్తున్నాయని నరసింగరావు గారు పరుగున వచ్చి గిలక్కాయ ఆడించేవారు. మా అత్తయ్య ఏసీలో కాలు మీద కాలేసుకుని, తలకి మఫ్లరు చుట్టుకుని, "ఉద్యోగం ఇంత సుఖంగా ఉంటదని నాకెవరూ చెప్పలేదే" అనేది. నా పంపు బీరువాలోనే ఉంది. ఉంటే ఉండనీ అనుకున్నాను.

ఏ సుఖమూ తనిఖీకి ముందు దాకానే. రెండు నెలలు పోయాక చయనులు గారు స్వయంగా దిగారు. బక్కపలచటి మనిషి, నవ్వితే కొలత తప్పుతుందన్నట్టుంటారు. మా వాడు ఉయ్యాల్లో పడుకుని బొటనవేలు చీకుతూ ఆయన్ని తనిఖీ చేశాడు. ఆయన మా వాణ్ణి కాటా మీద పడుకోబెట్టారు.

"బరువు పైకి చదవకండి బాబూ!" అంటూ అత్తయ్య లేచింది.

"ఏడున్నర!" అని చదివేశారాయన. అత్తయ్య ఉప్పూ మిరపకాయలూ తీసి పిల్లాడికి దిగదుడిచి, అనుమానం తీరక చయనులు గారికి కూడా ఒకసారి దిగదుడిచింది. ఆయన గమనించే స్థితిలో లేరు. ముఖం నల్లబడిపోయింది.

"మూల ప్రమాణం పెరుగుతుందా? ఎక్కడైనా విన్నామా? ఏం జరుగుతోంది ఈ కార్యాలయంలో?"

"పాలు తాగుతాడండి మరి" అన్నారు పేర్రాజు గారు.

"తక్షణం ఆపించండి! తదుపరి ఉత్తర్వులు వెలువడు పర్యంతం సదరు ప్రమాణమునకు పాలు నిలుపుదల చేయవలెను. ప్రమాణము యథాతథ స్థితిలో ఉండవలెను."

నా చెవుల్లో పెద్దదాని డబ్బాపాల చెంచా చప్పుడు వినిపించింది. ఒక పంపు పోయింది, ఊరుకున్నాను. ఇప్పుడు వాడి నోటి దగ్గరకే వచ్చారు. ముందు ఆయన్ని నాలుగు తిడదామనుకున్నాను. కానీ ఎన్నేళ్లుగానో వీళ్ల మధ్య ఉన్నాను కదా, వీళ్లకి తిట్లు ఎక్కవు. నిబంధన అయితే ఎక్కుతుంది.

"సార్, చిన్న సందేహం. కిలోరాయికీ మూల ప్రమాణానికీ తేడా వస్తే తప్పెవరిది?"

"రాయిది. అందులో సందేహమేముంది?"

"మూల ప్రమాణం తప్పదా సార్?"

"మూల ప్రమాణం తప్పదు. తప్పితే అది మూల ప్రమాణమే కాదు" అన్నారు కోపంగా.

"మరి మా వాడు మూల ప్రమాణమని మీ ముద్రే ఉంది. ముద్ర వేసిననాడు ఆరు కిలోలు. మూల ప్రమాణం మారదు కాబట్టి ఈ రోజు కూడా వాడు ఆరే ఉండాలి. కాటా ఏడున్నర అంటోందంటే అబద్ధం చెబుతున్నది ఎవరు సార్?"

చయనులు గారు కాటా వైపు చూశారు, పిల్లాడి వైపు చూశారు. మా వాడు వేలు తీసి నవ్వాడు. అప్పుడు జరిగింది చెబితే మీరు నమ్మరు, ఆయన కూడా నవ్వారు.

"అంటే... పిల్లవాడు పెరగలేదు. కిలో తరిగిపోయింది! జిల్లాలో రాళ్లన్నీ తేలికైపోయాయి! ఎంత మోసం! ప్రజలు ఎంత నష్టపోతున్నారు!"

మర్నాటి నుంచి మా వాడిలో ఆరోవంతు ఒక కిలో.

జిల్లా అంతటా పాత రాళ్లు ఎత్తుకెళ్లి కొత్తవి ఇచ్చారు. బజార్లో కిలో వంకాయలు అడిగితే సంచి పట్టలేదు. కిలో బియ్యం రెండుపూటలకి అయిపోయే ఇంట్లో మూడో పూటకీ మిగిలాయి. ఆడవాళ్లు ముందు కాటాని అనుమానంగా చూశారు, తర్వాత కొట్టువాణ్ణి చూశారు, తర్వాత ఆరా తీసి నన్ను చూశారు. మా వాడు పెరిగినకొద్దీ కిలో పెరుగుతుందని ఊరంతా పాకిపోయింది. ఇక చూసుకోండి! నాకు పాలు పడాలని ఎవరెవరో తెలగపిండి కూర వండి పంపారు. వెల్లుల్లి కారం పంపారు. రేవు దగ్గర్నుంచి ఒకావిడ గిన్నెడు సొరచేప పిట్టు పట్టుకొచ్చి, నేను తినే దాకా కదల్లేదు. "తిను తల్లీ. వచ్చే నెల మా అమ్మాయి పెళ్లి, సరుకులు కొనాల" అంది.

కొట్లవాళ్ల బాధ కొట్లవాళ్లది. మా ఆఫీసు కిటికీ దగ్గర ఎప్పుడూ ఒక వర్తకుడు నిలబడి ఉయ్యాల కేసి చూస్తుండేవాడు. మా వాడికి జలుబు చేసి రెండు రోజులు పాలు సరిగా తాగకపోతే బజారులో హుషారొచ్చింది. తగ్గి కసితీరా తాగితే పప్పుల దుకాణాలన్నీ డీలా పడ్డాయి. నెల తిరగ్గానే రాళ్లు మళ్లీ మార్చారు. దానికి తోడు మా అత్తయ్య వాడికి ఉగ్గు మొదలుపెట్టింది. ఆ కబురు విని బంగారం కొట్టు యజమాని సొమ్మసిల్లాడట.

చివరికి వర్తక సంఘం అధ్యక్షులు కామేశ్వరగుప్త గారు నలుగురిని వెంటేసుకుని వచ్చి నరసింగరావు గారి ముందు చేతులు జోడించారు.

"బాబ్బాబు, మీకు పుణ్యముంటుంది. ఆ పిల్లోణ్ణి ఇంటికి పంపించెయ్యండి. ఆ తల్లికి ఏదో పంపు కావాలంటన్నారు కదా, అదేదో ఆవిడ మొహాన కొట్టండి!"

"ఆవిడ పంపు మా బీరువాలోనే ఉంది. కానీ సీసా మీద ముద్ర లేని కొలత ఉంది" అన్నారు నరసింగరావు గారు ఎంతో బాధగా. "నిబంధన నిబంధనే కదా."

పేర్రాజు గారు పంపు తెచ్చి బల్ల మీద పెట్టారు. అందరూ దాని చుట్టూ చేరి సీసా మీది గీతల్ని చూస్తూ నిట్టూర్చారు. చయనులు గారిని అడగాలన్నారొకరు. మిల్లీలీటరుకి కూడా పిల్లాడితోనే కొత్త కొలత కట్టాలన్నారొకరు. గుప్త గారు గుండె పట్టుకున్నారు. ఇంతలో మా అత్తయ్య లేచి వచ్చింది.

"ఏదీ, ఇలా పారెయ్యండి" అని సీసా అందుకుంది. కొంగున కట్టుకున్న బ్లేడు తీసి, సొరకాయ మీద చెక్కు తీసినట్టు ఆ గీతలూ అంకెలూ గీకేసింది. "పాలు కొలవకూడదని మొదటే మొత్తుకున్నాను. ఇన్నావా?"

పేర్రాజు గారు సీసాని భూతద్దంలో అటూ ఇటూ తిప్పి చూశారు. చాలాసేపు చూశారు.

"ఇది కొలతపాత్ర కాదండి. వట్టి సీసా" అన్నారు.

ఇంతమందిమి కొలిచేవాళ్లం ఉండి, కొలత తీసేస్తే సరిపోతుందని ఒక్కరికీ తట్టలేదు. నాతో సహా. మా ఉద్యోగం అలాంటిది.

మా వాడికి పదవీ విరమణ సభ ఘనంగా చేశారు. శాలువా కప్పితే వాడు అందులో కనపడలేదు. గుప్త గారు వెండి గిలక్కాయ ఇచ్చి కళ్లు తుడుచుకున్నారు. పేర్రాజు గారు ఏడుస్తూ మొలతాడు బిళ్ల విప్పబోతే, అత్తయ్య ఆయన చెయ్యి తీసేసి, దిష్టికి పనికొస్తుందని ఉంచేసుకుంది. మర్నాటికి కిలో మళ్లీ కిలో అయిపోయింది.

సభ అయ్యాక నరసింగరావు గారు మా దగ్గరకొచ్చి గొంతు సవరించుకున్నారు. "సత్యవేణి గారూ, మూల ప్రమాణం స్థానం ఖాళీగా ఉంచడం మంచిది కాదు. భవిష్యత్తులో మీ వైపు నుంచి నూతన శిశువును సమకూర్చు ప్రతిపాదన ఏదైనా..."

నాకంటే ముందు అత్తయ్య అందుకుంది. "ఈసారి మీరో పేర్రాజు గారో కనండి బాబూ. కాన్పు నొప్పి ఎన్ని పేర్రాజులో అది కూడా తేలిపోద్ది."

ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు రికార్డు గదికి లోపలి గడియ పెట్టించారు. ఒక కుర్చీ, ఒక దిండు వేశారు. పొద్దున పదకొండింటికి వెళ్లి కూర్చుంటాను. పంపు సన్నగా గుర్రుమంటుంది, నాకు కునుకు పడుతుంది. నొప్పి అర పేర్రాజు కూడా లేదు, అది ఆయన నెత్తి లెక్క. సీసా నిండుతుంది. మా అత్తయ్య సాయంత్రం దాన్ని చూసి పెదవి విప్పదు గానీ ముఖం చాటంత అవుతుంది.

తలుపవతల పేర్రాజు గారు ఆగుతారు. పాపం, అలవాటు చావదు. నెమ్మదిగా తలుపు మీద వేలితో కొడతారు.

"ఎన్ని మిల్లీలీటర్లు వచ్చాయండి?"

"చెప్పనండి" అంటాను. "దిష్టి."